ఇరుంగట్టుకోట్టై ఎంత దూరం

సారు: తమ్మీ, సెలవులొస్తే చాలు, రాత్రి పదకొండు దాటినంక రాజీవ్ రహదారి మీద ఏం జరుగుతున్నదో నీకు నేను చెప్పేదేం లేదు. వంగిన ఫోర్కులు, విరిగిన హ్యాండిళ్లు తెల్లారి నీ షెడ్డుకే వస్తయి. మానేరు మీద తీగల వంతెన 2023లో తెరిచిన్రు. దాని మీద ముందు చక్రం లేపే పిల్లలను ఇద్దరం చూసినం. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయిన్రు, అందులో నూటికి నలభై నాలుగు మందికి పైగా టూ వీలర్ల మీద ఉన్నవాళ్లే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 1990 నుంచి ఒక రేసు ట్రాక్ నడుస్తున్నది. చుట్టు తిరిగితే 3.7 కిలోమీటర్లు. అందరూ ఒకే దిక్కు పోతరు. ఎదురుగ లారీ రాదు, టెయిల్ లైటు లేని పత్తి ట్రాక్టర్ రాదు, బర్రె అడ్డం రాదు. మలుపు మలుపుకు జెండా పట్టుకొని మార్షల్ నిలబడతడు, అంబులెన్సు తయారుగా ఉంటది. వేగం పిచ్చి ఉన్న పిల్లగాన్ని అక్కడికి తోలుదాం అంటున్న. దాంట్లోనే వానికి బతుకుదెరువు దొరికితే ఇంకా మంచిది. ఇందులో తప్పేమున్నది?

మెకానిక్: తోలుడు దాకా నాకు పేచీ లేదు సార్. ఒక్కసారి ట్రాక్ మీద తిరిగొచ్చిన పిల్లగాడు రోడ్డు మీద నెమ్మదిగ నడుపుతడు. అది ఒప్పుకుంట. బతుకుదెరువు అన్నకాడనే నా పంచాది. లెక్క చూడుండ్రి. తోలు సూటు, హెల్మెట్, బూట్లు, గ్లౌజులు, వీపుకు కట్టే రక్షణ అన్నీ మంచివి కొంటే లక్ష దాటుతది. ఒక్కసారి జారిపడ్డడంటే సూటు భుజం కాడ, మోకాలు కాడ పోతది. రేసు టైరు మెత్తగ ఉంటది, రోడ్డు టైరు లెక్క ఏండ్లు రాదు, రెండు మూడు రోజుల్లనే అరుగుతది. దాని మీద స్కూలు ఫీజు, ఎంట్రీ ఫీజు, పడితే విరిగిన ఫెయిరింగులు, లివర్లు. కరీంనగర్ నుంచి చెన్నై ఎనిమిది వందల కిలోమీటర్లకు అటు ఇటు, ఆదిలాబాద్ నుంచైతే తొమ్మిది వందలు దాటుతది. బండిని డీసీఎంల ఎక్కించి తీస్కపోవాలె, తిరిగి తేవాలె. క్రికెట్ ఆడే పిల్లగానికి ఒక బ్యాటు కొనిస్తే అంబేద్కర్ స్టేడియం కాడ ఏడాదంత ఆడుకుంటడు. ఇక్కడ పొద్దుగాల లేచి ప్రాక్టీసు చేద్దామంటే జాగ ఏది?

సారు: ఖర్చు మాట నిజం, దాన్ని తగ్గించి చెప్పను. కాని ఇరవై ఏండ్ల కింద ఉన్నట్టు ఇప్పుడు లేదు. వన్‌మేక్ రేసులు వచ్చినయి. కంపెనీయే ఒకే తీరు బండ్లు తయారుచేసి ట్రాక్ కాడ పెడతది, పిల్లవాడు పోటీ పడి ఎంపికై ఎక్కాలె, అంతే. టీవీఎస్ అట్లనే అపాచీలతో నడుపుతున్నది. హోండా అయితే టాలెంట్ కప్ పెట్టి, అచ్చంగా రేసు కోసమే చేసిన ఎన్‌ఎస్‌ఎఫ్ 250ఆర్ బండ్లను పిల్లల చేతికిచ్చింది. డబ్బున్నవాని బండి గెలిచే కాలం పోయి, అందరికీ ఒకే బండి అయినప్పుడు గెలిచేది నడిపేవాడే. చిన్న ఊరు, చిన్న ఇల్లు అడ్డం కాదు. బండ్ల రేసుల పైమెట్టు మోటోజీపీ నడిపే మార్క్ మార్కెజ్ ఊరు సెర్వేరా మన జమ్మికుంటకంటే చిన్నది. వాళ్ల నాయన ఏ రాజో కాదు, కట్టుబడి పనుల్లో మట్టి తవ్వే మిషన్ నడిపినాయన. కొడుకు తొమ్మిదిసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిండు.

మెకానిక్: ఆ నాయన కొడుకుకు బండి ఎప్పుడు కొనిచ్చిండు? నాలుగేండ్లకు. ఆ పిల్లగాడు పదిహేనేండ్లకు, 2008ల, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ల దిగిండు. ఇంకో రేసర్ రోసీ 1996ల దిగినప్పుడు పదిహేడు. మన పిల్లగాడు నాయన హెచ్‌ఎఫ్ డీలక్స్ దొంగతనంగ తీసేదే పద్నాలుగేండ్లకు. దొరికితే 199ఏ సెక్షన్ కింద ఆ నాయనకు ఇరవై ఐదు వేల జుర్మానా, మూడేండ్ల దాకా జైలు. లైసెన్సు వచ్చి, డిగ్రీల చేరి, ఇరవైకి ట్రాక్ ముఖం చూస్తడు. అప్పటికి అవతలి పిల్లగాడు పదహారేండ్ల నుంచి రేసులు కొడుతున్నడు. చెన్నైల ట్రాక్ పక్కన పెరిగిన పిల్లలకే ఆ పైమెట్టు అందలే. శరత్ కుమార్ 2011ల 125 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు పోయిన తొలి భారతీయుడు, చెన్నై పిల్లగాడు, నిలబడలేకపోయిండు. 2023ల నోయిడా రేసుకు, మోటోజీపీ కింది మెట్టు మోటో3ల కె.వై. అహ్మద్‌కు వైల్డ్‌కార్డు దక్కింది, అది ఆ ఒక్క వారానికే. ఇంకోటి చెప్త, ఇది నన్ను బాగ తొలుస్తది. మహీంద్రా వాళ్లు ప్రపంచ రేసుల్లకు పోయి 2016ల అస్సెన్‌ల మోటో3 గెలిచిన్రు. బండి మీద మన పేరు. ఎక్కినోడు ఇటలీ పిల్లగాడు, బగ్నాయా. తర్వాత 2022, 2023ల మోటోజీపీ ఛాంపియన్ అయింది ఆయనే. బండి చేసే తెలివి మనకు దొరికింది గని, ఎక్కే పిల్లగాడు దొరకలే.

సారు: దొరకలేదు కాబట్టి వెతుకుడు బందుపెట్టాలె అంటవా? సరే, మోటోజీపీని పక్కకు పెట్టు. దాంట్ల ప్రపంచం మొత్తం మీద ఇరవై రెండు మందికే జాగ. క్రికెట్‌లో ఇండియా టీంకు రాని పిల్లలంతా ఆట మానేసిన్రా? రంజీ ఆడుకుంట రైల్వేల నౌకరి చేసుకున్నోళ్లు ఎందరు లేరు? రేసింగ్‌లోనూ అట్లాంటి నడిమి మెట్లు ఉన్నయి. జగన్ కుమార్ కథ చూడు. జాతీయ టైటిళ్లు వరుసగా కొట్టిండు, టీవీఎస్ టీంలో ఏండ్ల తరబడి ఉన్నడు. చెన్నైదే రజనీ కృష్ణన్, సూపర్‌బైకుల మీద పేరు తెచ్చుకున్నడు. ట్రాక్ కాదు గాని పోటీ అదే జాతి కాబట్టి చెప్తున్న: బెంగళూరు సంతోష్ 2015లో డాకార్ ర్యాలీకి పోయి 36వ స్థానంలో ముగించిండు. కేరళ హరిత్ నోవా 2024 డాకార్‌లో తన తరగతి గెలిచిండు. బెంగళూరు పిల్ల ఐశ్వర్య పిస్సే 2019లో మహిళల ప్రపంచ బాహా కప్పు తెచ్చింది. వీళ్లకు ముందు ఆ దారిలో ఎవరున్నరు? టీంలో బండి ఎక్కేవాడు ఒక్కడే కాదు గదా. సస్పెన్షన్ సెట్ చేసేవాడు, ఇంజన్ డేటా చదివేవాడు, కంపెనీ కొత్త బండిని పరీక్షించే టెస్ట్ రైడర్, రైడింగ్ నేర్పేవాడు, వీళ్లందరివీ జీతాలే. నీ చేతిలో ఉన్న పనికే రేసు టీంలో గిరాకీ ఉన్నది.

మెకానిక్: చివరి మాట మంచిగ చెప్పిన్రు. రేసు మెకానిక్ అయితనంటే నేనే బస్సు చార్జీ ఇచ్చి పంపుత. ఐటీఐ డీజిల్ మెకానిక్ చదివి చేతులు కట్టుకొని కూసున్న పిల్లలు పెద్దపల్లి, మంచిర్యాలల మస్తు మంది ఉన్నరు. కాని ఎక్కే పిల్లగాని సంగతి వేరు. వాని కొలువు కంపెనీ మనసు మీద ఉంటది. ఈ ఏడాది టీం ఉంటది, వచ్చే ఏడాది మార్కెటింగ్ బడ్జెట్ కోసిన్రంటే ఉండది. పెద్ద రేసులకే దిక్కు లేదు. 2023 ఫిబ్రవరిల హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద కరెంటు కార్ల రేసు ఫార్ములా ఈ పెట్టిన్రు, ఊరంత బారికేడ్లు కట్టిన్రు. 2024ల మళ్ల ఉంటదన్నరు, రద్దయింది. అదే 2023 సెప్టెంబర్ల నోయిడాల మోటోజీపీ పెట్టిన్రు, ఎండ, ఉక్క ఆగక 24 ల్యాపుల రేసును 21కి కోసిన్రు, అయినా రెండో జాగల వచ్చిన జార్జ్ మార్టిన్ దిగంగనే సోలిపోయిండు. తర్వాతి ఏడాది అదీ లేదు. ప్రపంచాన్ని పిలిచి ఒక్కసారి చేసి వదిలేసే దేశంల మా గోదావరిఖని పిల్లగాడు పదేండ్ల కొలువు ఎట్ల లెక్కేసుకోవాలె?

సారు: నువ్వు గోదావరిఖని పేరు ఎత్తినవు కాబట్టి అక్కడికే వస్త. మన జిల్లాల్లో బతుకుదెరువు అంటే ఏమున్నది చెప్పు. బొగ్గుబాయి, లేకుంటే దుబాయి. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటికొకరు గల్ఫ్ పోయినవాళ్లే. అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి, ఎండల పనిచేసి, కొందరు శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పెట్టెల వచ్చిన్రు. బాయిల పైకప్పు కూలి పోయినోళ్లు ఎందరో నీకు ఎరికే. ఆ ముప్పును మనం ఏనాడూ వద్దనలే. పేదరికం తోస్తే ప్రాణం పణంగా పెట్టొచ్చు, పిల్లవాడు తన ఇష్టంతో ఒక విద్య కోసం పెడితే మాత్రం పిచ్చి అంటం. ఈ న్యాయం నాకు అర్థం కాదు. పైగా బాయిల దిగినవానికి బొగ్గు మీద ప్రేమ ఉండి దిగలే. ఈ పిల్లవానికి బండి మీద ప్రేమ ఉన్నది.

మెకానిక్: సార్, మా బాపు సింగరేణిల చేసిండు, అందుకే ఈ మాటకు జవాబు నేనే చెప్పాలె. బాయి ముప్పుకు ఒక లెక్క ఉన్నది. యూనియన్ ఉన్నది, కంపెనీ దవాఖాన ఉన్నది, మనిషి పోతే పరిహారం వస్తది, ఇంట్ల ఒకరికి కారుణ్య నియామకం వస్తది. వందేండ్ల కొట్లాటతోటి వచ్చినయి అవన్నీ. రేసుల పడ్డోనికి ఏమొస్తది? మామూలు యాక్సిడెంటు పాలసీ తీసి చదువుండ్రి, రేసింగుల జరిగిన దెబ్బకు వర్తించదని అందులనే రాసి ఉంటది. కంపెనీ రైడర్‌కు కంపెనీ చూసుకుంటది అనుకుందాం, సొంత బండి వేసుకొని పోయినోని సంగతి ఏంది? కాలర్ బోన్ విరుగుడు ఈ ఆటల జలుబు లెక్క. మార్కెజ్‌కు 2020ల హెరెజ్‌ల కుడిచెయ్యి విరిగింది, నాలుగు ఆపరేషన్లు అయినయి, మళ్ల ఛాంపియన్ అయ్యేటాళ్లకు 2025 వచ్చింది. ఆయన ఎనుక డాక్టర్లు, ఫిజియోలు, కోట్ల రూపాయలు ఉన్నయి. మన పిల్లగాడు విరిగిన చెయ్యితోని ఆరు నెలలు ఇంట్ల కూసుంటే వాళ్ల అవ్వ బీడీలు చుట్టి సాదాలె. ఇష్టం ఉన్నది కాబట్టి ముప్పుకు న్యాయం ఉన్నదంటరు మీరు. ముప్పుకు ఎనుక ఎవరున్నరు అని అడుగుత నేను.

సారు: ఒప్పుకున్న. ఈ మాట నేను ఆలోచించలే. కాని ఎనుక ఎవరూ లేకపోతే నిలబెట్టుకోవచ్చు అనేది మన దగ్గరే రుజువైంది గదా. మాలావత్ పూర్ణ పక్క జిల్లా పిల్ల, నిజామాబాద్‌లో పాకాల ఊరు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, పద్నాలుగేండ్లు నిండలే. కూలినాలి చేసుకునే ఇంట్ల పుట్టింది. ఆ ముప్పు ట్రాక్ మీద ముప్పు కంటే తక్కువదా? ఆ ఏడాది ఏప్రిల్‌లనే ఎవరెస్ట్ మీద మంచు కూలి పదహారు మంది నేపాలీ గైడ్లు పోయిన్రు. అయినా పంపినం, తిరిగొస్తే నెత్తిన పెట్టుకున్నం. బాక్సర్ నిఖత్ జరీన్ తలకాయకు గుద్దులు తింటనే ప్రపంచ ఛాంపియన్ అయింది, సర్కారు డీఎస్పీ కొలువిచ్చింది. బండి ఎక్కిన పిల్లకు మాత్రం ఎందుకు ఈ సవతి లెక్క?

మెకానిక్: పూర్ణను గురుకులాల సొసైటీ పంపింది సార్. భువనగిరి గుట్ట మీద నేర్పిన్రు, డార్జిలింగ్ తీస్కపోయిన్రు, లద్దాఖ్ చలిల ఉంచిన్రు, అన్నీ అయినంక పంపిన్రు. వాళ్ల బాపు ఒక్క ఎకరం అమ్మలే. బాక్సింగ్ ఒలింపిక్స్‌ల ఉన్నది, అందుకే సర్కారు చూస్తది. బండ్ల రేసు ఒలింపిక్స్‌ల లేదు. మోటార్ స్పోర్ట్స్‌కు మొదటి అర్జున అవార్డు వచ్చిందే 2019ల, అదీ కారు ర్యాలీ నడిపే గౌరవ్ గిల్‌కు. ఇంక వయసు మాట మీరే తెచ్చిన్రు కాబట్టి నేను దాచుకున్న మాట చెప్పాల్సి వస్తున్నది. 2023 ఆగస్టు 5న మీరు చెప్పిన ఆ ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీదనే బెంగళూరు పిల్లగాడు ఒకడు పడ్డడు. రేసు మొదలై మొదటి మలుపు దాటంగనే. ఎర్రజెండా చూపి రేసు ఆపిన్రు, అంబులెన్సుల ఆస్పత్రికి తీస్కపోయిన్రు. దక్కలే. వానికి పదమూడేండ్లు. ఎదురుగ లారీ లేదు, బర్రె లేదు, మార్షల్ ఉన్నడు. అన్నీ ఉన్నయి.

సారు: ఆ వార్త నేనూ చదివిన. దానికి సమాధానం ఉన్నదని నటించను. ప్రపంచంలోనూ ఇదే జరిగింది. 2021లో హెరెజ్‌లో సూపర్‌స్పోర్ట్ 300 రేసులో డీన్ బెర్టా విన్యాలెస్ పోయిండు, పదిహేనేండ్లు. ఆ దెబ్బకు కనీస వయసులు పెంచిన్రు. 2023 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు పద్దెనిమిది అన్నరు. తర్వాత కొన్ని మినహాయింపులు ఇచ్చిన్రు, అది నాకు నచ్చలే. 2018 నుంచి మోటోజీపీలో సూటు లోపల ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. మనిషి బండి మీంచి లేచిన క్షణంలోనే అది ఉబ్బుతది. తప్పు జరిగిన ప్రతిసారి ఏదో ఒకటి మార్చుకుంటనే ఈ ఆట ఇంతదాకా వచ్చింది. అందుకే నా షరతు ఒకటి పెడుతున్న: పద్దెనిమిది నిండినంకనే రేసు.

మెకానిక్: ఎయిర్‌బ్యాగ్ ఉన్నా ఎనుకొచ్చే బండి ఆగదు సార్. 2011ల సెపాంగ్ ట్రాక్ మీద మోటోజీపీ రేసర్ సిమోన్‌చెల్లి అట్లనే పోయిండు, ఇరవై నాలుగేండ్లకు, పడ్డంక వేరే బండ్లు తాకినయి. అది అట్లుండనీ. మీ షరతు కాడనే మీరు నాకు దొరికిన్రు. పద్దెనిమిది దాకా ఆగితే, నేను ముందే చెప్పిన, అవతలోళ్లు దాటిపోతరు, కొలువు రాదు. ఎనిమిదేండ్లకు మొదలుపెడితే కొలువు రావచ్చు గని ఎంచుకున్నది పిల్లగాడు కాదు, వాళ్ల బాపు. ఎనిమిదేండ్లోనికి చావంటే ఏం తెలుసు? ఇష్టంతో ముప్పు తీసుకున్నడు అని మీరు చెప్పిన న్యాయం ఇప్పుడేడ నిలబడ్డది? ఈ ముడి విప్పుండ్రి, నేను ఒప్పుకుంట.

సారు: ముడి ఉన్నది. పూర్తిగా విప్పలేను, కొంత వదులు చేస్త. సంగీతమైనా, చదరంగమైనా, టెన్నిస్ అయినా ఆరేండ్లకే కూర్చోబెడతరు, అక్కడా ఎంచుకున్నది తల్లిదండ్రులే. ప్రాణభయం లేదంటవు, నిజమే. కాని ఎనిమిదేండ్ల పిల్లవాడు ఎక్కేది 250 సీసీ బండి కాదు. మోకాలి ఎత్తు మినీ బండి, కార్టింగ్ ట్రాక్ మీద, సైకిల్ పరుగుకు కొంచెం ఎక్కువ వేగం. పడితే మోచెయ్యి గీరుకపోతది. స్పెయిన్‌లో, ఇటలీలో పిల్లలు అక్కడ నేర్చేది వేగం కాదు. బ్రేకు ఎక్కడ పట్టాలె, ఎంత పట్టాలె, మలుపులోకి పోతూ దాన్ని ఎట్ల కొంచెం కొంచెం వదలాలె, చూపు ముందు చక్రం మీద కాకుండ మలుపు చివర ఎట్ల పెట్టాలె. ఒళ్లు బండి లోపలి పక్కకు జార్చి, మోకాలు నేలకు తాకించి, అరవై డిగ్రీలు వాల్చి నడిపే మనిషిని టీవీలో చూసి మనం ధైర్యం అనుకుంటం. అది ధైర్యం కాదు తమ్మీ, వేలసార్లు చేసిన అభ్యాసం. ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను ముందుకు తొయ్యాలె అన్న చిన్న సంగతి మన ఊర్లో ముప్పై ఏండ్లు బండి నడిపినవాళ్లలో ఎందరికి ఎరిక? చిన్నప్పుడు ఆట, పద్దెనిమిదికి అసలు రేసు. పెద్దయినంక పిల్లవాడు వద్దంటే మానేస్తడు, నేర్చుకున్నది మాత్రం రోడ్డు మీద వాన్ని కాపాడతది.

మెకానిక్: మినీ బండి మాట బాగున్నది. దీనికి నేను ఎదురు చెప్ప. కాని అదీ హైదరాబాద్‌లనే, మన కాడ ఏది? చిన్న కార్టింగ్ ట్రాక్ ఒక్కటి కరీంనగర్‌ల గని, మంచిర్యాలల గని, ఆదిలాబాద్‌ల గని చూపిస్తరా?

సారు: చూపిస్త, జాగ వరకైతే. మద్రాసు వాళ్ల రేసుల పుట్టుక ఎక్కడ? షోలవరంలో. అది రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే. యుద్ధం అయిపోయినంక ఖాళీగా పడి ఉంటే మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లు దాని మీద ఏండ్ల తరబడి రేసులు పెట్టిన్రు, జనం వేలల్లో పోయి చూసిన్రు. ఆ తర్వాతనే ఇరుంగట్టుకోట్టై కట్టుకున్నరు. అంటే ట్రాక్ వచ్చి రేసర్లను పుట్టించలే, పాత రన్‌వే మీద రేసర్లు పుట్టినంక ట్రాక్ వచ్చింది. మన బసంత్‌నగర్‌లో ఏమున్నది? 1980లలో వాయుదూత్ చిన్న విమానాలు దిగిన రన్‌వే. ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటి విమానాల మైదానం ఉన్నది. ఎయిర్‌పోర్టు మాట వచ్చినప్పుడల్లా ఆ పేర్లు పేపర్లకు ఎక్కుతయి, మళ్ల దిగుతయి.

మెకానిక్: షోలవరం నాటి ఫోటోలు చూసిన్రా సార్? గడ్డి మోపులు పెట్టి, వాటి ఎనుకనే జనం. ఇప్పుడు అట్ల పెడితే పోలీసు కేసే. మలుపు బయట పడ్డోడు జారిపోయేటందుకు ఖాళీ జాగ, కంకర, టైర్ల గోడ ఉండాలె, అవన్నీ కడితే కోట్లు. ఆదిలాబాద్ మైదానం రక్షణ శాఖది, అడిగితే ఇచ్చేది కాదు. నా భయం ఇంకోటి. మీరు రన్‌వే మీద రేసు అన్నరంటే, పిల్లలకు ఇనబడేది రేసు అన్న ఒక్క మాటనే. వాళ్లు ఫోన్ల ఐల్ ఆఫ్ మ్యాన్ రోడ్డు రేసు చూస్తరు. ఊర్ల నడుమ అరవై కిలోమీటర్ల రోడ్డు, రెండు పక్కల రాతిగోడలు, 1907 నుంచి నడుస్తున్నది, రెండు వందల అరవై మందికి పైగా పోయిన్రు. ఇంత ప్రమాదమని 1976 తర్వాత ప్రపంచ ఛాంపియన్‌షిప్ లెక్కల నుంచి తీసేసిన్రు. ఆ వీడియో చూసినోనికి కెరమెరి ఘాట్ ఐల్ ఆఫ్ మ్యాన్ లెక్క, నిర్మల్ మహబూబ్ ఘాట్ ఇంకో ఐల్ ఆఫ్ మ్యాన్ లెక్క కనబడతది. అక్కడ రోడ్డు బందుపెట్టి నడుపుతరని ఆ వీడియోల ఎవడు చెప్తడు? మీరు ఒక్క రేసర్‌ను తయారు చేస్తనంటరు. వాని పోస్టర్ చూసి సైలెన్సర్ కోసేటోళ్లు వంద మంది తయారైతరు. వాళ్లు కూడ నా షెడ్డుకే వస్తరు.

సారు: సైలెన్సర్ కోసేది నీ షెడ్డే గదా.

మెకానిక్: కోస్తుంటి. ఇప్పుడు కోస్త లేను. పక్క సందుల కోస్తున్నరు.

  

సారు: పోస్టర్ చూసి చెడిపోతరంటవు. ఇప్పుడు పోస్టరే లేదు, మరి ఎందుకు చెడిపోతున్నరు? సినిమాల హీరో చక్రం లేపుతడు, రీల్స్‌ల ఎవడో హెల్మెట్ లేకుండ లేపుతడు. వాళ్లకు ఎదురుగ నిలబెట్టేటందుకు మన దగ్గర ఒక్క మనిషి లేడు. ఒక జాతీయ ఛాంపియన్ మన కోరుట్ల నుంచో, బెల్లంపల్లి నుంచో వచ్చి బడికి పోయి, ‘నేను రోడ్డు మీద అరవై దాటను, నా సూటు చూడుండ్రి, నా మెటల్ ప్లేటు చూడుండ్రి’ అంటే పిల్లలు ఇంటరు. నేను ముప్పై ఏండ్లు పీఈటీగా చెప్పిన, ఇనలే. ట్రాఫిక్ ఎస్సై చెప్పిండు, ఇనలే.

మెకానిక్: ఇంటరు. అది నిజం. అట్లాంటోడు చెప్తే నేను కూడ ఇంట. కాని ఆ ఒక్కడు రావాలంటే ముందు ఎవరి కొడుకును పంపుదాం సార్? నేను అడిగేది అదే. మీ మనవడు పదేండ్లోడు, బండ్లంటే ప్రాణం ఇస్తడు, నా షెడ్డు కాడికి వచ్చి స్పానర్లు అందిస్తడు. పంపుతరా?

సారు: మినీ బండి దాకా పంపుత.

మెకానిక్: ఆ తర్వాత?

సారు: ఆ తర్వాతది వాని తల్లిని అడగాలె. నిన్ను అడుగుత, నీ కొడుకు ఐటీఐ అయిపోయింది, ఇంజన్ విప్పుడు నీకంటే బాగ నేర్చుకున్నడు. చెన్నైలో రేసు టీంకు మెకానిక్‌గా పోతనంటే పంపుతనన్నవు. పోయినంక అక్కడ ట్రాక్ చూసి, నేను ఎక్కుత అంటే?

మెకానిక్: వాడు అట్లనే అంటడని నాకు ఎరికే. అందుకే ఇన్నొద్దులు ఆ పేరు ఎత్తలే.

సారు: మరి?

మెకానిక్: పంతొమ్మిదేండ్లు వచ్చినయి, ఆపే హక్కు నాకు లేదు. పైసలు ఇచ్చేది మాత్రం లేదు. కంపెనీ ఎంపిక పోటీకి పోనీ, ఎంపికైతే ఎక్కనీ. ఎంపిక కాకుంటే పానా పట్టనీ. అప్పు తెచ్చి సొంత బండి మీద ఎక్కుత అంటే నా ఇంట్ల జాగ లేదు. ఇంతకంటే ఎక్కువ ఒప్పుకోను సార్, మీరు ఎంత చెప్పినా.

సారు: నేను అంత కూడ అడగలే. కాని ఒక్క మాట. ఎంపిక పోటీకి పోవాలన్నా ముందు ట్రాక్ మీద కొన్ని రోజులు తిరిగి ఉండాలె, లేకుంటే మొదటి గంటలోనే బయటికి వస్తడు. ఆ కొన్ని రోజులకైనా పైసలు కావాలె.

మెకానిక్: దాని సంగతి వాళ్ల అవ్వతోని మాట్లాడుండ్రి. నాకు తెలిసినంత వరకు చెప్త: దేశంల మోటార్ స్పోర్ట్స్ చూసే సంఘం ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ లైసెన్సు లేకుంటే రేసుకు దిగనియ్యరు, దానికి డాక్టర్ సర్టిఫికెట్ కావాలె, పద్దెనిమిది నిండనోనికి తల్లిదండ్రుల సంతకం కావాలె. మావోనికి సంతకం అక్కెర లేదు. మీ మనవనికి కావాలె.